పిడి లేని ఉలి

కుర్చీ విరిగింది. అందులో కూర్చున్న ఏడేళ్ల పిల్ల గడప మీద పడి గడ్డం చీరుకుంది. ఆ కుర్చీ చేసింది నేనే.

పిల్ల పేరు దేవమణి. కాకినాడలో నేను భౌతికశాస్త్రం చెప్పే కాలేజీలో ల్యాబ్ అటెండరు నూకరాజు కూతురు. పుట్టినప్పటి నుంచి ఆ పిల్లకి నడుము నిలవదు. ఆసరా లేకపోతే పక్కకు ఒరిగిపోతుంది. మాట తడబడుతుంది గాని బుర్ర తడబడదు. తండ్రి చేతి గడియారం చూసి ఎంతయిందో వేళ్లతో చూపిస్తుంది. వాళ్ల వీధి చివరున్న బడిలో పెద్ద టీచరు మంచి మనిషి. ఆవిడ ఒకే మాట చెప్పింది: "తరగతిలో కూర్చోగలిగితే చాలు, చేర్చుకుంటాను. ఒళ్లో కూర్చోబెట్టుకునే మనిషిని మాత్రం నేను ఇవ్వలేను." కొనుక్కొచ్చిన చక్రాల కుర్చీలో పిల్ల గంటకల్లా పక్కకి జారిపోయింది. అలా రెండేళ్లు పోయాయి. జూన్ పన్నెండున బడి మళ్లీ తెరుస్తారు. ఈసారి కూడా పోతే, చేతిలో పుస్తకం పట్టుకుని తన ఈడు పిల్లలు వెళుతుంటే గుమ్మంలోంచి చూడటమే ఆ పిల్ల చదువు అయ్యేలా ఉంది.

నేను చేసిస్తానని నూకరాజుకి మాటిచ్చాను. నన్ను ఎవరూ అడగలేదు. అంతకు ముందు ఏడాది మా ఆయన కారు అమ్మేశారు. ఖాళీ అయిన షెడ్డును నేను వడ్రంగం పనికి తీసుకున్నాను. తీసుకుని, దాన్ని పనిముట్లతో నింపాను. నలభై ఒకటి. గోడకు ప్లైవుడ్ బిగించి, ఒక్కొక్కదాని చుట్టూ నీలం పెన్సిల్‌తో గీత గీసి, ఎవరి చోట వాళ్లన్నట్టు వేలాడదీశాను. ఆ గోడ ఫొటో స్టాఫ్ గ్రూపులో పెడితే ప్రిన్సిపాల్ కూడా మెచ్చుకున్నారు. కుర్చీ మాత్రం ఇరవై రోజులు నిలవలేదు.

పిల్ల గడ్డానికి రెండు కుట్లు పడ్డాయి. నేను వెళ్లేసరికి తల్లి సత్యవేణి ఆ పిల్లని గోడ మూలన కూర్చోబెట్టి, పక్కన ఊక బస్తా ఆనించింది. నాకు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అంది: "ఏం పర్లేదండి మేడమ్ గారూ. మా ఊక బస్తాయే నయం. అందంగా ఉండదు గాని పడెయ్యదు."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి ఆలోచించాను. నా దగ్గరున్నవి మంచి రకం పనిముట్లు కావు, అందుకే ఇలా అయిందని తేల్చుకున్నాను. చదువుకున్నవాళ్లకి ముందుగా తట్టేది ఇలాంటి కారణమే. మరి మంచివి ఏవి? చెప్పగల మనిషి కోసం వెతికాను. నూకరాజే చెప్పాడు, యానాం దారిలో కాలువ ఒడ్డున భూషణాచారి గారని ఉన్నారని.

ఆయన యాభై ఏళ్లు కొయ్య పడవలు కట్టిన మేస్త్రీ. డెబ్బై దాటాయి. ఇప్పుడు కొత్త పడవలు తక్కువ, మరమ్మతులే ఎక్కువ. ప్రశ్న అడగడానికి వచ్చినవాళ్ల చేతిలో ముందు ఏదో ఒకటి పెట్టడం ఆయన అలవాటు. తాడు కొస గాని, పలక అంచు గాని. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకి చెప్పింది నిలవదని ఆయన నమ్మకం. నేను వెళ్లిన రోజున నా చేతికి పన్నెండడుగుల పలక చివర ఒకటి వచ్చింది. దాన్ని ఎత్తి పట్టుకునే అడిగాను.

"మేస్త్రీ గారూ, ఇంటి దగ్గర షెడ్డులో పని చేసుకోవడానికి ఏ పనిముట్లు కొనాలి? వరసగా చెబితే రాసుకుంటాను."

"ఏ పనికి?"

"కుర్చీకండి."

"చేసిన కుర్చీ ఉందా?"

"విరిగిపోయిందండి."

"విరిగిందే చూస్తా," అన్నారు. "నిలిచినదాన్ని చూస్తే ఏం తెలుస్తుంది?"

ఆదివారం తన పాత మోపెడ్ మీద మా షెడ్డుకొచ్చారు. లోపలికొచ్చి గోడని పై నుంచి కింద దాకా చూశారు. మెచ్చుకుంటారని నేను పక్కనే నిలబడ్డాను. ఆయన నేల చూశారు.

"చెక్క పొట్టు ఏదమ్మా?"

"ఊడ్చేశానండి."

"ఎప్పుడు?"

కుర్చీ అయిన రోజున. అంటే నెల దాటింది. ఆ మాట ఆయనకి చెప్పక్కర్లేకపోయింది.

విరిగిన కుర్చీని వెలుతురులోకి లాక్కుని బోర్లా వేశారు. వెనక కమ్మీ నడుం దగ్గర వంపు తిరిగి ఉంటుంది; సరిగ్గా ఆ వంపు దగ్గరే తెగింది. ఆయన అక్కడ వేలు పెట్టారు.

"ఈ వంపు ఎలా తెచ్చారు?"

"కోశానండి. వంపులు కోసే మిషన్ రంపం ఉంది."

"నిటారు పలకలోనా?"

"మిషన్ ఎటు తిప్పితే అటు కోస్తుందండి."

"కోస్తుంది," అన్నారు. "దానిదేం పోయింది!"

మిగిలిన వంపు ముక్కని రెండు చేతుల్లోకి తీసుకుని బొటనవేళ్లతో నొక్కారు. రస్కు విరిగినట్టు విరిగింది. కర్రలో నార నిలువునా పోతోంది, నా వంపు దాన్ని అడ్డంగా కోసేసింది. వంపు దగ్గర ఆ నార అంగుళం పొడవు కూడా లేదు. కుర్చీ ముప్పై కిలోలు మోస్తుందని నేను లెక్క కట్టాను. పిల్ల పదహారు కిలోలే. లెక్కలో తప్పు లేదు. ఇప్పటికీ ఆ కాగితం నా దగ్గరుంది. మిషన్ లేకపోయి ఉంటే ఆ వంపు కోయాలని నాకు తోచేదే కాదన్న సంగతి మాత్రం అందులో లేదు.

"అయితే ఇంతకంటే మంచి రంపం ఏదండి?" అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశారు. నా క్లాసులో వెనక బెంచీ వాళ్లని నేను అలాగే చూస్తాను.

"ఎల్లుండి సంచీ పట్టుకుని రండి. కొందాం."

మంగళవారం నేను పెద్ద సంచీ, కాగితం, పెన్ను పట్టుకెళ్లాను. మెయిన్ రోడ్డు మీద హార్డ్‌వేర్ కొట్లన్నీ నాకు తెలుసు. దేని తర్వాత దేనికి వెళ్లాలో కూడా అనుకున్నాను. ఆయన మోపెడ్ వెనకాల నా స్కూటీ. ఆయన మెయిన్ రోడ్డు దాటేసి, రైలు గేటు దాటేసి, నూకరాజు ఇంటి ముందు ఆగారు.

"ఇక్కడేం కొంటామండి?"

"సంచీ తెచ్చారుగా, రండి."

సత్యవేణి కంగారు పడింది. చాప వేయబోతే ఆయన వద్దని, దేవమణికి ఎదురుగా నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పిల్ల మామూలుగా తన మూలలో ఉంది, వీపుకి గోడ, ఎడమ పక్క ఊక బస్తా. నేను టేపు తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

తర్వాత ఆయన చేసిన పని, డెబ్బై ఏళ్ల మనిషి చేసే పని కాదు. జేబులోంచి బీడీ కట్ట తీసి ఒక బీడీని పై పెదవికీ ముక్కుకీ మధ్య ఇరికించుకుని, చేతులు వదిలేసి, అది పడిపోకుండా పిల్ల వైపు కళ్లు తిప్పారు. అది పడింది. పిల్ల నవ్వింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది. ఆ పిల్ల నవ్వడం నేను అప్పటిదాకా చూడలేదు. నవ్వు వస్తే మనం ముందుకు వంగుతాం. దేవమణి విల్లులా వెనక్కి విరుచుకుంటుంది. నడుం గట్టిపడి, కాళ్లు తన్ని, తల వెనక్కీ కొంచెం ఎడమకీ వెళ్లి గోడకి తగులుతుంది. పదహారు కిలోల పిల్ల ఆ క్షణంలో ఎంత జోరుగా తోస్తుందో నా కాగితం మీద లేదు. నేను లెక్క కట్టింది కదలని బరువుకి.

"అదిగో," అన్నారు మేస్త్రీ.

ఆయన చూపింది పిల్లని కాదు, గోడని. తల ఆనే చోట సున్నం మీద నూనె మరక ఉంది. మూడేళ్లు రోజూ కొబ్బరినూనె రాసిన తల అక్కడ ఆని, జారి, మళ్లీ ఆని, గోడకి ఒక నల్లని గుర్తు వేసింది. గుండ్రంగా మొదలై ఎడమ పక్కకి సాగిపోయిన గుర్తు.

సత్యవేణి సిగ్గుపడి కొంగుతో తుడవబోయింది. "దసరాకి సున్నం వేయిద్దామనుకుంటున్నామండి, ఈలోపు…"

"తుడవకు తల్లీ. నాకు దాంతో పనుంది." ఆయన పొయ్యి దగ్గర్నుంచి బొగ్గు ముక్క అడిగి మరక చుట్టూ గీత గీశారు. అప్పుడు నా వైపు తిరిగారు. "ఇప్పుడు తీయండి మీ టేపు."

నేల నుంచి మరక దాకా, మూల నుంచి మరక దాకా, మరక వెడల్పు, అది ఒరిగిన వైపు, అన్నీ కొలిచి రాసుకున్నాను. మొదటి కుర్చీకి కొలతలు ఎక్కడ తీసుకున్నారని ఆయన అడిగారు. పుస్తకంలో, ఏడేళ్ల పిల్లల పట్టిక ఉంటుంది, అందులోంచి అని చెప్పాను.

"నన్నడిగితే చెబుదును గదండీ," అంది సత్యవేణి. కోపంగా అనలేదు. "ఎటు ఒరుగుద్దో నాకు తెలీదేంటి? ఎత్తుకునేది నేనే కదా."

బయటికొచ్చాక మేస్త్రీ మోపెడ్ తీయలేదు. నా సంచీ వైపు చూశారు.

"ఇప్పుడు చెప్పండి. ఏం కొనాలి?"

వీధిలో ఖాళీ సంచీతో నిలబడి ఆలోచించాను. తల వెనక ఆసరా కావాలి. అది ఆ మరక ఆకారంలో లోతుగా ఉండాలి. చెక్కని అలా తొలవాలి. గోడ మీది నలభై ఒక్కదాన్నీ ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. కోసేవి, చిల్లులు పెట్టేవి, చదును చేసేవి, బిగించేవి ఉన్నాయి. తొలిచేది ఒక్కటీ లేదు.

"గుండ్రటి మూతి ఉలి."

"ఎన్ని?"

"ఒకటి."

"పదండి."

కొట్టతను నన్ను గుర్తుపట్టాడు. మంచి బేరం కదా, ఎలా మర్చిపోతాడు! అడక్కుండానే నున్నటి చెక్క పెట్టె తీసి తెరిచాడు. అందులో మఖమల్ మీద ఆరు ఉలులు, పసుప్పచ్చ పిడులు, మెరుస్తున్న మూతులు. నా చెయ్యి అటే వెళ్లింది.

"బాబూ, ఉత్త ఇనుము ఉందా?" అన్నారు మేస్త్రీ.

"పిడి లేనివాండీ? ఈ రోజుల్లో ఎవరడుగుతారు మేస్త్రీ?" అతను గొణుక్కుంటూ కింద అరలో వెతికి, గ్రీజు పూసిన ఇనుప ముక్క ఒకటి తీసి బల్ల మీద పడేశాడు. "ఆ పెట్టె తీసుకుంటే మేడమ్ గారికి సుఖం కదండీ. మూత తెరిస్తే చాలు, పని మొదలు."

"అదే భయం," అన్నారు మేస్త్రీ.

ఇనుముని కంటి ముందు నిలువుగా పెట్టి వంకర చూశారు. మూతిని బొటనవేలి గోరు మీద ఆనించి చూశారు. తల ఊపి నా సంచీలో వేశారు. అంత పెద్ద సంచీలో అది అడుగున ఎక్కడో పడింది, ఇంటికొచ్చి చెయ్యి పెట్టి వెతుక్కోవలసి వచ్చింది.

మర్నాడు దాన్ని ఆయన దగ్గరికి తీసుకెళ్లి, పిడి వేసివ్వమన్నాను.

"పిడి నేను వెయ్యను," అన్నారు. "నువ్వు చేసుకో."

అంతవరకూ ఆయన నన్ను మీరు అన్నారు. ఆ రోజు నుంచి మళ్లీ అనలేదు. నేను పట్టించుకోనట్టు ఊరుకున్నాను గాని, పట్టించుకున్నాను.

పడవ పనివాళ్లలో అదొక పద్ధతి ఉందట. ఇనుము అంగడిది, పిడి ఎవరిది వాళ్లది. కొడుక్కి ఉలి ఇచ్చేటప్పుడు తండ్రి కూడా పిడి ఊడదీసే ఇస్తాడు. నాకు ఇది చాదస్తంగా తోచింది. టైము తక్కువ, మే నెల మూడో వారం వచ్చేసింది, అవతల కుర్చీ మొదలే పెట్టలేదు. ఆ మాటే అన్నాను. ఆయన ఇనుముని తిరిగి నా చేతిలో పెట్టారు.

మా పెరట్లో జామచెట్టు కొమ్మ కొట్టి మొదలు పెట్టాను. మొదటిది చీలింది. రెండోది సన్నమైపోయింది. మూడోది నాలుగు రోజులు పట్టింది: చెక్కడం, పట్టుకు చూడటం, అరచేతిలో ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ మళ్లీ చెక్కడం. మూడో రోజున నాకొక సంగతి తెలిసింది. లేచి గోడ మీదున్నవి వరసగా చేత్తో పట్టుకు చూశాను. నలభై ఒక్కటీ నా చేతికి లావు. మగవాడి పిడికిలికి చేసినవి. ఏడాదిగా నా మణికట్టులోనే బలం లేదనుకుంటూ వచ్చాను.

పిడి పట్టుకెళ్తే మేస్త్రీ దాన్ని చూడలేదు, నా చెయ్యి చాపమన్నారు. బొబ్బలెక్కిన చోట్లు చూసి, ఉలి తోకని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, పిడిలోకి దిగగొట్టారు. పొగ లేచింది. అది నా ఉలి అయింది.

కర్ర సంగతి ఆయనే చూశారు. పడవ పక్కటెముకల కోసం ఆయన పాకలో వంకర తుమ్మ కొమ్మలు పేర్చి ఉంటాయి. అందులోంచి ఒకే తీరు వంపున్న రెండు ఏరి ఇచ్చారు. "ఇవి చెట్టు మీదే వంగి పెరిగాయి. నార కూడా వాటితోనే వంగింది. ఇంక ఎవరు తోసినా వీటికి కొత్త కాదు."

కుర్చీ జూన్ తొమ్మిదికి అయింది. రంపం, చిత్రిక, డ్రిల్ మిషన్, సుత్తి, మూలమట్టం, ఆ ఒక్క ఉలి. వేరేది నేను గోడ మీంచి దించలేదు. తల ఆసరా తొలుస్తూ నాలుగుసార్లు నూకరాజు ఇంటికి వెళ్లి, చెక్కని గోడ మీది మరకకి ఆనించి చూసుకున్నాను. నాలుగోసారి సత్యవేణి చూసి, "ఇంకో వేలుమందం ఎడమకి," అంది. అలాగే తొలిచాను.

పన్నెండో తారీఖున దేవమణి ఒకటో తరగతిలో కూర్చుంది. సత్యవేణి గుమ్మం దగ్గర నిలబడింది, చంకలో ఊక బస్తా. నేను చూశాను. ఆవిడకి ఆ హక్కుంది. పది గంటలకి టీచరు చేతిలోంచి సుద్దముక్కల డబ్బా జారి గది నిండా దొర్లింది. పిల్లలందరూ నవ్వారు. దేవమణి విరుచుకుంది. కాళ్లు తన్నింది, తల వెనక్కీ ఎడమకీ వెళ్లింది. కుర్చీ కిర్రుమంది. తల ఆ గుంటలో కూర్చుంది, కుర్చీ నిలబడింది, పిల్ల నవ్వు అయిపోయి మళ్లీ బోర్డు వైపు చూసింది. సత్యవేణి మధ్యాహ్నం గంట దాకా అక్కడే ఉండి, బస్తాతో ఇంటికి వెళ్లింది. మూడో రోజున వట్టి చేతులతో వచ్చింది.

ఆ సాయంత్రం కాలువ ఒడ్డుకి వెళ్లి మేస్త్రీకి చెప్పాను. ఆయన పడవ అడుగున పలకల సందుల్లో నూనె దూది కూరుతున్నారు. వెంటనే నా చేతికి దూది ఉండ ఒకటి వచ్చింది. కాసేపు కూరాను. తర్వాత, మొదటి రోజు అడిగిందే మళ్లీ అడిగాను. ఈసారి నిజంగా తెలుసుకోవాలనే.

"మేస్త్రీ గారూ, పిల్ల పెరుగుతుంది, కుర్చీ మార్చాలి. ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లల సంగతి పెద్ద టీచరు అడుగుతోంది. ఇప్పుడైనా చెప్పండి, ఏమేం కొనాలి?"

ఆయన చెయ్యి ఆపలేదు. సందు అయ్యేదాకా కూరి, అప్పుడు అన్నారు:

"ముందు పిడి చెయ్యి. అది అయ్యాక కూడా ఇనుము కావాలనిపిస్తే కొట్టుకెళ్లు."

ఇంటికొచ్చి, గోడ మీంచి ముప్పై ఆరు దించి పాలిటెక్నిక్ వర్క్‌షాపుకి ఇచ్చేశాను. గోడ మీద నీలం గీతలు అలాగే ఉన్నాయి, చెరపలేదు. దీనికి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో కుర్చీలు తొమ్మిది చేశాను, పిడులు అయిదు చేశాను. అందులో రెండింటికే ఇనుము కొన్నాను. మిగిలిన మూడు పిడులు ఆ గీతల మధ్య ఉత్తగా వేలాడుతున్నాయి. పిడి ఉన్న పనిముట్టు ఆ తర్వాత ఒక్కటి కూడా కొనలేదు.